పెట్టినవాళ్లే తీయాలి

నా పదో తరగతి, నా డిగ్రీ, నా బీఎడ్, అన్ని సర్టిఫికెట్లూ మా కరస్పాండెంట్ మురళీమోహన్ గారి బీరువాలో ఉన్నాయి. ఉద్యోగంలో చేరిన రోజున "ఒకసారి చూసి ఇచ్చేస్తానమ్మా" అని ఒరిజినల్స్ తీసుకున్నాడు. ఆ మహానుభావుడు చూడటం ఇంకా పూర్తి కాలేదు. గజపతినగరంలో మా స్కూలు టీచర్లందరి గతీ ఇంతే. మధ్యలో మానేసి పోకుండా మెడకి పలుపుతాడన్నమాట.

ఈలోగా నాకు డీఎస్సీ వచ్చింది. వచ్చేసిందని మా నాన్న నెల్లిమర్లలో వీధి వీధంతా చెప్పుకున్నాడు గానీ, అసలు సంగతి నాకు తెలుసు. సోమవారం విజయనగరంలో ఒరిజినల్స్ చూపిస్తేనే ఉద్యోగం. జిరాక్సులు పనికిరావు. చూపించలేకపోతే నా వెనక ర్యాంకు వాళ్లని పిలుస్తారు, అంతే సంగతులు.

అడిగాను. బతిమాలాను. చివరికి అరిచాను కూడా. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆయన నవ్వి, ఒక కరపత్రం నా ముందుకి తోశాడు. విజయనగరంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్లు ఆదివారం బడిపిల్లలకి పోటీ పెడుతున్నారు. జియోకాషింగ్ అని పేరు. ఊళ్లో అక్కడక్కడా చిన్న చిన్న డబ్బాలు దాచేస్తారట. ఒక్కో చోటుకీ అక్షాంశం, రేఖాంశం అంకెలు చీటీ మీద రాసి ఇస్తారట. ఫోన్లో జీపీఎస్ చూసుకుంటూ పోయి, ముందుగా అన్ని డబ్బాలూ పట్టుకున్న జట్టుకి కప్పు.

"ఆ కప్పు పట్రా. అడ్మిషన్ల టైము, ఫ్లెక్సీ వేయించుకుంటాను. ఆ సాయంత్రమే నీ సర్టిఫికెట్లు నీ చేతిలో పెడతాను," అన్నాడు.

"గెలవకపోతే?"

"గెలిపించడానికే కదమ్మా నువ్వున్నది!"

ఒళ్లు మండిపోయింది. ఆ కరపత్రం ఆయన నెత్తినే కొట్టాలనిపించింది. మడిచి హ్యాండ్ బ్యాగులో పెట్టుకున్నాను.

తొమ్మిదో తరగతి నుంచి ముగ్గుర్ని తీశాను. శైలజకి బుర్ర చురుకు, చెప్పింది చెప్పినట్టు పట్టేస్తుంది. గోవింద్ కుందేలులా పరిగెడతాడు. ఈశ్వర్‌కి కళ్లు మంచివి, చెట్టు మీద పిట్టగూడు ఎక్కడుందో కింద నుంచే చెప్పేస్తాడు. ముగ్గురికీ కలిపి నా ఫోను ఒక్కటే. మొదటి రోజు స్కూలు గ్రౌండులో డబ్బా దాచి వెతకమంటే, ముగ్గురూ ఫోను కోసం కొట్టుకుని దాన్ని నీళ్ల తొట్టిలో పడేయబోయారు. తల ప్రాణం తోకకొచ్చింది. ఫోను శైలజ దగ్గరే ఉండాలని తీర్పు చెప్పాను.

"టీచర్, ఈ బాణం గుర్తు మనం ఎక్కడున్నామో ఎలాగ సెప్తాది?" అని అడిగాడు గోవింద్.

ఉపగ్రహాల గురించి బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాను. ఆకాశంలో అవి మనకి కనపడవు, వాటి సంకేతాలు మాత్రం మన ఫోనుకి అందుతాయి అన్నాను. ముగ్గురూ నోరు తెరుచుకుని విన్నారు. మూడేళ్లలో నా పాఠం అంత శ్రద్ధగా ఎవరూ వినలేదు, నాకు భలే సంతోషమేసింది.

స్కూలు గ్రౌండు చిన్నది. బాణం తిరిగేలోగా ప్రహరీ గోడ వచ్చేస్తుంది. అందుకని శుక్రవారం మధ్యాహ్నం శైలజ వాళ్ల ఊరు వెళ్లాం. ఆటో దిగితే పొలాలే, కావలసినంత జాగా. శైలజ నాన్న జగన్నాధం గారు మా స్కూలు కమిటీలో కూడా ఉన్నారు, మంచి రైతు. ఇంట్లో చిన్న కొడుక్కి జ్వరమని గజపతినగరం ఆసుపత్రికి తీసుకెళ్లారు, మేం వెళ్లేసరికి ఇంట్లో ఎవరూ లేరు.

ఈ ఆటలో ఒక పద్ధతి ఉంది. డబ్బా దొరికినవాళ్లు అందులోంచి ఒక వస్తువు తీసుకుని, తమది ఒకటి వేయాలి. "మీ దగ్గరున్నవే ఏవైనా వెయ్యండి," అన్నాను పిల్లలతో. శైలజ విరిగిన ఎర్రగాజు ముక్కలు వేసింది. గోవింద్ జేబులోంచి గుప్పెడు చింతగింజలు తీశాడు. ఈశ్వర్ కాకి ఈక పెట్టాడు. ఎక్కడెక్కడ దాచాలో ముందే చూసుకుని, ఆ చోటు అంకెల చీటీ ఒక్కో డబ్బాలో నేనే రాసి పెట్టాను, పేపర్లు దిద్దే ఎర్ర పెన్నుతో. నాలుగు డబ్బాలూ అలాగే సర్ది, మూతలు ఊడిపోకుండా నల్లదారం చుట్టాం. అంతా అయ్యాక మా పనితనం చూసుకుని మురిసిపోయాను కూడా. ఈ జిల్లాలోనే పుట్టి పెరిగిన మనిషిని, ఆ డబ్బా మూత తీసినవాళ్లకి అది ఎలా కనిపిస్తుందో నా మట్టిబుర్రకి తట్టనే లేదు.

మూడు డబ్బాల్ని పొలాల గట్ల వెంట దాచాం. ఒకటి శైలజ స్వయంగా వాళ్ల కళ్లంలో గడ్డివాము కింద పెట్టింది. ఇంతలో మబ్బు పట్టి చినుకులు మొదలయ్యాయి. వెతకడం రేపు చూసుకుందాంలే అని ఇళ్లకి వెళ్లిపోయాం.

మర్నాడు శైలజ బడికి రాలేదు. మొదటి పీరియడు సగంలో గోవింద్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. వాడిదీ ఆ ఊరే. ముఖం పాలిపోయి ఉంది.

"టీచర్, మన డబ్బా దొరికీసింది. శైలజా ఓల నానమ్మకి. గడ్డి లాగుతుంటే."

"దొరికితే ఏమైంది?"

"సిల్లంగి అంటన్నారు టీచర్. ఓల గుంటడికి జరం అందుకే తగ్గనేదట. మరిడమ్మే పెట్టీసిందని ఆవిణ్ణి పట్టుకున్నారు."

చిల్లంగి. చేతబడి. ఆ మాటతో ఈ జిల్లాలో మనుషుల్ని ఏం చేస్తారో పేపర్లో చదివాను. మరిడమ్మ నాకు తెలుసు. కళ్లం పక్కన గుడిసెలో ఒంటరిగా ఉండి మేకలు మేపుకునే ముసలావిడ. నిన్న మాకు మంచినీళ్లు ఇచ్చింది. పిల్లల్ని పక్క టీచరుకి అప్పజెప్పి ఆటో ఎక్కాను.

కళ్లంలో ఊరంతా ఉంది. మా డబ్బా నేల మీద మూత తీసి ఉంది, చుట్టూ బూడిదతో గీత గీశారు. మరిడమ్మ గడ్డివాముకి జారగిలబడి కూర్చుంది. కొప్పు ఊడిపోయి ఉంది, చెంప ఎర్రగా వాచింది. అది చూసేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎవరు కొట్టారు ఆవిణ్ణి? ఆ డబ్బా నాది! నేను పెట్టించాను!" అని అరిచాను.

అంతా ఒక్కసారి నా వైపు తిరిగారు. జగన్నాధం గారు ముందుకొచ్చారు. రాత్రంతా నిద్రలేని కళ్లు.

"నువ్వా టీచరమ్మా? మా కల్లంలో నీకేటి పని?"

"ఆటండీ. పిల్లలకి పోటీ ఉంది. డబ్బాలు దాచి వెతకడం నేర్పిస్తున్నాను."

"మరి ఈ ఎర్ర అచ్చరాలేటి?"

"అచ్చరాలు కావు, అంకెలు. మీ కళ్లం ఎక్కడుందో చెప్పే అంకెలు."

"మా కల్లం ఎక్కడున్నాదో ఎవులికి సెప్పాల?"

"ఎవరికీ కాదండీ. ఆకాశంలో ఉపగ్రహాలుంటాయి. మనకి కనపడవు. వాటికి..."

బోర్డు మీద అంత చక్కగా ఉన్న పాఠం ఆ కళ్లంలో నా చెవులకే మంత్రంలా వినపడింది. వెనక ఆడవాళ్లు గుసగుసలాడుతున్నారు. ఇంక ఆధారం చూపిస్తే గాని నమ్మరని, బుద్ధి తక్కువై ఇంకో మాట అన్నాను.

"ఇదొక్కటే కాదు, ఇంకా మూడున్నాయి. కావాలంటే చూపిస్తాను."

"ఓలమ్మో! నాలుగు పక్కలా పెట్టీసినాదే!" అని ఎవరో గుండెలు బాదుకున్నారు.

"శైలజని అడగండి!" అన్నాను. "మీ అమ్మాయే! గాజుముక్కలు వేసింది తనే. ఈ డబ్బా ఇక్కడ పెట్టింది తనే!"

శైలజ నానమ్మ వెనక నిలబడి ఉంది. జగన్నాధం గారు "ఏటే?" అన్నారు, ఒక్క మాట. ఆ పిల్ల నన్ను చూసింది, నాన్నని చూసింది, తల దించేసుకుంది. అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పకుండా శైలజ తల దించుకోవడం అదే మొదటిసారి.

"నా కూతురి మీద పెడతన్నావా?" అన్నారు ఆయన.

ఆ తర్వాత నా ఫోను లాక్కున్నారు. నన్నూ మరిడమ్మనీ పక్కనే ఉన్న పాలకేంద్రం గదిలోకి తోసి బయట గొళ్లెం పెట్టారు. గుంటడికి జ్వరం తగ్గేదాకా కదిలేది లేదన్నారు.

గదంతా పులిసిన పాల వాసన. క్యాన్లు, ఒక స్టూలు, ఊచల కిటికీ. తలుపు మీద దబదబా బాదాను. చేతులు నొప్పెట్టాయి తప్ప ఎవరూ పలకలేదు. సోమవారం గుర్తొచ్చింది. నాన్న గుర్తొచ్చాడు. ఏడుపొచ్చింది, కోపంతో దాన్ని మింగేశాను.

"కూకో తల్లీ. అలగ కొడితే బైటోలు ఇంకా బెదిరిపోతారు," అంది మరిడమ్మ.

"మీకు భయంగా లేదా?"

"నాకు కొత్తేటి? ఎవులి గేదె పాలివ్వకపోయినా నా గుమ్మంలోకే వస్తారు. ఈసారి పెట్టినోలు దొరికారు, అదే కొత్త." నవ్వబోయి, చెంప నొప్పెట్టి ఆపేసింది.

ఎవరు కబురు పెట్టారో, మధ్యాహ్నానికి మురళీమోహన్ గారు బండి మీద వచ్చాడు. కిటికీ దగ్గరికి వచ్చి లోపలికి తొంగిచూశాడు. దేవుడిలా కనిపించాడు, ఒక్క నిమిషం.

"సార్, మీరు చెప్పండి వాళ్లకి. ఆ కరపత్రం చూపించండి!"

"చెప్తానమ్మా. జగన్నాధానికి నా మాట మీద గురి. ఒక్క ముక్క చెప్తే చాలు." గొంతు తగ్గించాడు. "నువ్వు కూడా ఒక ముక్క చెప్పాలి. డీఎస్సీ మానుకుని ఇంకో రెండేళ్లు మా స్కూల్లోనే ఉంటానని, ఇదిగో, వీళ్లందరి ముందూ అను."

ఈ గదికి గొళ్లెం పెట్టినవాళ్లకి కనీసం భయముంది, పిల్లాడి మీద ప్రేముంది. ఈయనకి ఏముంది?

"మరి మరిడమ్మ?"

"ఆవిడ సంగతి ఊరి సంగతి. మనకెందుకు?"

"మీ బీరువాతో పాటు మీరూ తగలబడండి!" అన్నాను. ఆ మాట కిటికీ బయట అందరికీ వినపడింది. ఆయన ముఖం మాడిపోయింది. వెళ్లి బండి మీద కూర్చున్నాడు, ఎంతసేపు బిగుసుకుని ఉంటానో చూద్దామని కాబోలు.

కాసేపటికి శైలజ నానమ్మ నారాయణమ్మ కిటికీ దగ్గరికి వచ్చింది. మనవడు ఆమె భుజం మీద వేలాడుతున్నాడు. కళ్లు మూతలు పడుతున్నాయి.

"మరిడీ," అంది. తిట్టడానికి రాలేదు, బతిమాలడానికి వచ్చింది. "పెట్టినోలే తియ్యాల. నీకెరుకే కదా. తీసి, గుంటడి సుట్టూ తిప్పి, ఏట్లో ఒగ్గీ. నిన్నెవులూ ఏటీ అనరు. నాది పూచీ."

"నాను పెట్టనిది నానెలాగ తీస్తాను నారాయణమ్మా?" అంది మరిడమ్మ. "తీస్తే పెట్టినట్టే కదేటి. ఇంక ఈ ఊల్లో బతకనిస్తారా?"

నారాయణమ్మ ఏడ్చేసింది. భుజం మీద పిల్లాడు ఆ ఏడుపుకి ఉలిక్కిపడి మూలిగాడు.

నేను కిటికీ దగ్గరికి వెళ్లాను. ఊచల్లోంచి చెయ్యి పెట్టి పిల్లాడి నుదురు తాకాను. కాలిపోతోంది. "ఆసుపత్రిలో మందేం ఇచ్చారు? వేశారా?" అని అడిగాను. సిరప్ ఇచ్చారట, కళ్లంలో డబ్బా దొరికాక ఇంక మందెందుకని మానేశారట! నెత్తీ నోరూ బాదుకోవాలనిపించింది. నా ముందు దారులన్నీ మూసుకుపోయాయి. నిజం చెప్పి చూశాను, నిజమే నన్ను ఈ గదిలో పెట్టింది.

"పెట్టింది నేనే," అన్నాను. "నేనే తీస్తాను. కానీ రెండు షరతులు. మరిడమ్మకి దీంతో సంబంధం లేదని అందరి ముందూ ఒప్పుకోవాలి. నేను తీసేముందు పిల్లాడికి ఆ సిరప్ పట్టాలి, పడుకునే ముందు మళ్లీ పట్టాలి. పట్టకపోతే నేను తీసింది పనిచేయదు."

ఆ ఊళ్లో ఆ మాటకి అర్థమేమిటో తెలిసే అన్నాను. మరిడమ్మకి దీంతో సంబంధం లేదని జగన్నాధం గారు అందరి ముందూ అని, గొళ్లెం తీయించారు. నేను నడుస్తుంటే జనం రెండు పక్కలకీ తప్పుకున్నారు.

సిరప్ పట్టించాను. డబ్బా తీసి పిల్లాడి చుట్టూ తిప్పాను. పెదాలు కూడా కదిపాను, ఏమనాలో తెలియక ఆవర్తన పట్టిక చదివాను. హైడ్రోజన్, హీలియం, లిథియం. తర్వాత నా ఫోను అడిగి తీసుకుని, బాణం గుర్తు చూసుకుంటూ మిగిలిన మూడు డబ్బాల దగ్గరికీ వెళ్లాను. ఎవరూ చూడని గట్టు కింద, తుప్పల మధ్య, నేరుగా పోయి చెయ్యి పెట్టి తీస్తుంటే వెనక ఊరంతా ఊపిరి బిగబట్టి చూసింది. బండి మీద మురళీమోహన్ గారు కూడా చూశాడు. నాలుగూ కలిపి చంపావతి ఏట్లోకి విసిరేశాను. ఒడ్డు నుంచి తిరిగొస్తుంటే జగన్నాధం గారు దూరం నుంచే దణ్ణం పెట్టారు.

పొద్దుగూకేసరికి గుంటడికి చెమట పట్టి జ్వరం దిగిపోయిందని గోవింద్ ఫోను చేశాడు. మందు పనిచేసింది. నేను మంచం మీద పడి పగలబడి నవ్వాను, చాలా రోజుల తర్వాత.

ఆదివారం పొద్దున్నే పిల్లల్ని పోటీకి తీసుకెళ్దామని స్కూలుకి వెళ్లాను. పిల్లల కంటే ముందు మురళీమోహన్ గారు వరండాలో ఉన్నాడు. చేతిలో ప్లాస్టిక్ ఫైలు. నన్ను చూడగానే ఆ ఫైలు కుర్చీలో పెట్టి నాలుగడుగులు వెనక్కి వేశాడు.

"మీ సర్టిఫికెట్లమ్మా. అన్నీ ఉన్నాయి, చూసుకోండి."

మూడేళ్లుగా నువ్వు అన్న నోటి నుంచి మీరు వచ్చింది.

"కప్పు గెలవలేదు కదండీ ఇంకా?"

"కప్పేంటిలెండి. నిన్న మీరు నన్ను తగలబడమన్నారు కదా. ఇంటికెళ్లేసరికి మా వంటింట్లో గ్యాసు ట్యూబు అంటుకుంది. ఆర్పేశాం, ఆర్పేశాం. అది ఆటేనని నాకు తెలుసమ్మా, కరపత్రం ఇచ్చింది నేనే కదా. అయినా... మనసులో ఏమీ పెట్టుకోకండి."

ఇంతింత ఇంగ్లీషు అక్షరాలతో బోర్డు కట్టిన మనిషి! చిల్లంగి లేదు, గాడిద గుడ్డూ లేదు అని చెప్పడానికి నోరు తెరిచాను. కుర్చీలో ఫైలు కనపడింది. పైనే నా బీఎడ్. నోరు మూసుకుని ఫైలు తీసుకున్నాను.

గోవింద్, ఈశ్వర్ రాలేదు. ఎంతసేపటికో శైలజ వచ్చింది, గేటు దాకా. రోడ్డు అవతల వాళ్ల నాన్న మోటార్ సైకిల్ ఇంజను ఆపకుండా నిలబడి ఉన్నారు.

"నాను రాను టీచర్. అమ్మ సెప్పి రమ్మంది."

"ఎందుకు? లోపలికి రా ముందు."

రాలేదు. గేటు ఊచ పట్టుకుని నిలబడింది.

"శైలజా, నువ్వు కూడా నమ్ముతున్నావా? గాజుముక్కలు నువ్వే వేశావు కదా!"

"నానే ఏసాను."

"గడ్డివాము కింద నువ్వే పెట్టావు."

"నానే పెట్టాను టీచర్."

"మరి?"

"మీరు తియ్యగానే తమ్ముడికి జరం దిగిపోయింది కదా టీచర్."

సిరప్ గురించి చెప్పాను. ఎంతసేపటికి పనిచేస్తుందో, ఎలా పనిచేస్తుందో చెప్పాను. తల ఊపుతూ అంతా విన్నది, క్లాసులో విన్నంత శ్రద్ధగానే. అంతా అయ్యాక మెల్లగా అడిగింది.

"టీచర్, మరిడమ్మకి కూడా నేర్పీసారా?"

"ఏంటి?"

"గదిలో ఇద్దరూ ఉన్నారు కదా. ముందు ఆవిడికి ఏటీ రాదనీ, ఇప్పుడు మీరు మొత్తం నేర్పీసినారనీ ఊల్లో అందరూ అంటన్నారు. ఆవిడ మేకలు పొలాల్లోకి ఎల్లకుండా రాత్రే ముళ్లకంప ఏసీసినారు. నూతి కాడికి కూడా రావద్దన్నారు."

"నేను వస్తాను. ఇప్పుడే వస్తాను. అందరికీ చెప్తాను."

శైలజ కంగారుగా గేటు వదిలేసింది. "వద్దు టీచర్! మీరొస్తే ఆవిడ కోసమే వచ్చారంటారు."

రోడ్డు అవతల హారన్ మోగింది. ఆ పిల్ల పరిగెత్తుకుపోయి బండెక్కింది. వెనక్కి తిరిగి చెయ్యి ఊపబోయింది, వాళ్ల నాన్న ఏదో అంటే దించేసుకుంది.

నేను ఫైలు గుండెలకి పట్టుకుని ఆ గేటు దగ్గరే నిలబడిపోయాను. సోమవారం నాకు కావలసినవన్నీ నా చేతిలోనే ఉన్నాయి. మరిడమ్మ నీళ్లకి ఎక్కడికి వెళ్తుందో నాకు తెలియలేదు.